చిన్నాన్న ట్యాంకు, నాన్నమ్మ దీపం

మా చిన్నాన్న తన యుద్ధ ట్యాంకుని వల దారంతో కొలిచి కట్టాడు.

బీచ్ రోడ్డులో స్మారకం దగ్గర నిలబెట్టిన నిజం ట్యాంకు మా ఊరివాళ్ళందరికీ తెలిసిందే. పిల్లల్ని దాని ముందు నిలబెట్టి ఫొటోలు తీసుకుంటారు. చిన్నాన్న మాత్రం చలికాలం పొద్దుటే, నడకకి వచ్చేవాళ్ళు తప్ప ఇంకెవరూ లేని వేళ, నైలాను దారం ఉండతో దాని దగ్గరికి వెళ్ళేవాడు. దారం ఒక కొస నా చేతికిచ్చి, "కదలకమ్మీ" అనేవాడు. రెండో కొసతో తను ముక్కు దగ్గర్నుంచి వెనక దాకా నడిచి, బిగలాగి, ముడేసి తెంపేవాడు. తర్వాత ఇద్దరం పిట్టగోడ మీద కూర్చునేవాళ్ళం. ఆ దారాన్ని సగానికి మడిచేవాడు. ఆ సగాన్ని మళ్ళీ సగానికి. ఇంకోసారి, మరోసారి. నాలుగు మడతలు పడ్డాక వేళ్ళ మధ్య మిగిలేది పదహారో వంతు. అదే తన బొమ్మ ట్యాంకు కొలత. పొడవుకో దారం, వెడల్పుకో దారం, చక్రానికో దారం. ఇంట్లో స్కేలుంది. కానీ వేటకెళ్ళే ఇంట్లో పుట్టినవాడికి దారం మీద ఉన్న నమ్మకం స్కేలు మీద ఉండదు.

మా ఇల్లు జాలారిపేటలో. నాన్న బోటు మీద వేటకెళ్ళేవాడు. చిన్నాన్న, అంటే నాన్న తమ్ముడు, ఐటీఐ చదువుకుని పోర్టులో ఫోర్క్‌లిఫ్టుల బ్యాటరీలు చూసే గదిలో పనికి కుదిరాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "ట్యాంకు అవ్వనీ" అనేవాడు. ముందు గదిలో నాన్న వలలు గుట్టలుగా ఉండేవి. వెనక వసారాలో చిన్నాన్న సామాను. ఆ రెంటి మధ్య గడప మీద కూర్చుని నాన్నమ్మ చిరిగిన వలలు బాగు చేసేది. ఏ గదిలో ఏం జరిగినా ఆవిడకి తెలియాల్సిందే.

నేనప్పుడు దువ్వాడ దగ్గర కాలేజీలో డిగ్రీ చదువుతున్నాను. మాట్లాడడం కన్నా రాసుకోవడం నాకు తేలిక. బస్సులో పక్కన కూర్చున్న అమ్మాయి పేరు అడగడానికి నెల పట్టేది గానీ, ఆ అమ్మాయి గురించి డైరీలో రెండు పేజీలు రాసేసేదాన్ని. ఇంట్లో నా మాట వినడానికి తొందరపెట్టని మనిషి చిన్నాన్న ఒక్కడే. నేను ఒక వాక్యం మొదలుపెట్టి ఆగిపోతే, తను స్క్రూ బిగిస్తూ, అది పూర్తయ్యేదాకా అలాగే ఉండేవాడు.

ట్యాంకు ఒళ్ళు అల్యూమినియం రేకు. పట్టాలకి సైకిల్ చైన్లు తీసుకుని, ప్రతి లింకు మీదా చిన్న రేకుముక్క అతికించాడు. లోపల తిరిగే మోటార్లు కంచరపాలెంలో పాత సామాన్ల కొట్టులో దొరికిన డ్రిల్లింగ్ మెషిన్లవి. చేత్తో పట్టుకుని నడిపించే రేడియో పెట్టె మాత్రం ఉక్కు నగరంలో ఉండే ఒక ఇంజనీరు గారు ఇచ్చారు. ఆయనకి కొత్తది రాగానే పాతది చిన్నాన్నకి ఇచ్చేశారు. ఆ టౌన్‌షిప్‌లో ఆయనలాంటి వాళ్ళు పదిమంది దాకా ఉండేవారు. సెలవొస్తే బొమ్మ విమానాలు, పడవలు, ట్యాంకులు తెచ్చుకుని మైదానంలో చేరేవారు. వాళ్ళందరివీ విదేశాల నుంచి డబ్బాల్లో వచ్చిన ట్యాంకులు. రేకు కోసి, మొదటి మేకు నుంచి సొంతంగా కట్టింది మా చిన్నాన్నదే. దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూడని మనిషి ఆ గుంపులో లేడు.

కానీ దానికో అవమానం ఉండేది.

ఏటా చలికాలంలో ఆ మైదానంలోనే ప్రదర్శన జరిగేది. పిల్లా పెద్దా అందరూ వచ్చేవారు. ట్యాంకులు ముందు ఇసుక గుట్టలు దాటాలి, తర్వాత చెక్క వంతెన, ఆఖరున మట్టితో పోసిన మిట్ట ఎక్కి అవతలికి దిగాలి. పోటీ అని ఎవరూ అనేవారు కాదు. బహుమతులూ ఉండేవి కావు. మిట్ట ఎక్కిన ట్యాంకుకి చప్పట్లు కొట్టేవారు, అంతే. చిన్నాన్న ట్యాంకు ఇసుక దాటేది, వంతెన దాటేది, మిట్ట సగం దాకా వెళ్ళేది. అక్కడ మోటార్ల గొంతు మారేది. ముందు మూలుగు, తర్వాత ఈల, తర్వాత ఏమీ లేదు. చిన్నాన్న వెళ్ళి దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని వచ్చేవాడు. మొదటి ఏడు అలాగే అయింది, రెండో ఏడూ అంతే, మూడో ఏడు కూడా.

పోర్టులో తనతో పనిచేసే స్నేహితుడు ఒకాయన స్కూటరు మీద ట్యాంకుని మైదానానికి చేరవేసేవాడు. ఇద్దరూ "బావా" అంటే "బావా" అనుకునేవారు. ఆయన నోరు ఊరుకునేది కాదు.

"బావా, పల్లకీ మొయ్యడానికి నాను రెడీ. పెళ్ళికూతురు ఎప్పుడు అలుగుద్దో సెప్పు సాలు!"

అందరూ నవ్వేవారు. చిన్నాన్న కూడా నవ్వేవాడు. నాన్నమ్మ ఒక్కతే నవ్వేది కాదు. రెండో ఏటి నుంచి ఆవిడ ట్యాంకు వంతెన దాటగానే లేచి, చీర దులుపుకుని, బస్టాపు వైపు నడిచేది. "మిట్ట దగ్గర నాకేటి పని? మిగిలింది నాకు తెలిసిందే కదా" అనేది. కొడుకు దాన్ని ఎత్తుకుని రావడం ఆవిడ చూడలేకపోయేది. చిన్నాన్నకి కావలసింది కూడా అదొక్కటే. ఒక్కసారి, తన చెయ్యి తగలకుండా, ట్యాంకు ఆ మిట్ట దిగాలి.

మూడో ఏడు ఇంజనీరు గారు ట్యాంకుని తిరగేసి చూసి చెప్పారు. "మాస్టారూ, మీ పనితనంలో లోపం లేదండీ. లోపమంతా దాని పొట్టలో ఉంది. ఈ నికెల్ బ్యాటరీ బరువు ఎక్కువ, మిట్ట దగ్గర గట్టిగా లాగేసరికి సత్తువ వదిలేస్తుంది. ఇప్పుడు లిథియం పాలిమర్ అని వస్తున్నాయి. ఒకటి తెప్పించుకోండి."

ఆ పాత బ్యాటరీకి మా ఇంట్లో ఒక మర్యాద ఉండేది. సగం వాడి మళ్ళీ చార్జింగు పెడితే అది ఆ సగమే గుర్తుపెట్టుకుని, ఆ తర్వాత అంతకు మించి పనిచెయ్యదని చిన్నాన్న అనేవాడు. అందుకని ట్యాంకు తిప్పిన ప్రతిసారీ బ్యాటరీని పూర్తిగా ఖాళీ చెయ్యాలి. దానికి స్కూటరు వెనక లైటు బల్బు ఒకటి, రెండు వైర్లు కట్టి, నాన్నమ్మ గడప పక్కన గోడకి తగిలించాడు. సాయంత్రాలు కరెంటు పోయేది కదా, ఆ బల్బు వెలుగులో ఆవిడ వల బాగు చేసుకునేది. చామంతి రంగు వెలుగు. అది మెల్లగా ఎర్రబడి, వత్తిలా మిణుకుమని ఆరిపోయాక వైర్లు తీసి బ్యాటరీని బల్ల మీద పెట్టేది. "దానికి కడుపు కాళీ అయింది, ఇంక తిండెట్టుకోరా" అనేది. ఆ పని ఏళ్ళ తరబడి ఆవిడదే. చిన్నాన్న మరిచిపోయినా ఆవిడ మరిచిపోయేది కాదు.

లిథియం మాట విన్నాక చిన్నాన్న నన్ను జగదాంబ దగ్గర నెట్ సెంటరుకి తీసుకెళ్ళాడు. నేను వెతికి, చదివి, కావలసిన పేజీలు ప్రింటు తీయించాను. ఇంటికొచ్చాక ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెబుతుంటే తను కళ్ళు మూసుకుని విన్నాడు. పోర్టులో తను చూసే బ్యాటరీలు ఒక్కోటి ఇద్దరు మనుషులు కదిపితే గానీ కదలవు. వాటికి నీళ్ళు పొయ్యాలి, ఆవిరి పోనివ్వాలి. ఇది వాటిలాంటిది కాదు. లోపల సెల్స్ అనే మూడు అరలు, మూడూ సమానంగా నిండాలి. ఎక్కువ నింపితే నిప్పు అంటుకోవచ్చు. పూర్తిగా ఖాళీ చేస్తే చచ్చిపోతుంది. ఉబ్బిన దాన్ని మళ్ళీ ముట్టుకోకూడదు.

"సున్నితమైన పిల్ల" అన్నాడు చిన్నాన్న. "మర్యాదగా సూసుకోవాల."

ఓడ మీద పనిచేసే మా పెద్దమ్మ కొడుకు సింగపూరు నుంచి వస్తూ ఆ బ్యాటరీనీ, దాన్ని నింపే చార్జరునీ తెచ్చిపెట్టాడు. చిన్నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. సబ్బుబిళ్ళంత ఉంది, బరువే లేదు. నాన్నమ్మ తన చేతిలోకి తీసుకుని ఎగరేసినట్టు ఆడించి చూసి, "ఇదేటి, డొల్లగున్నాది! మోసపోనామేట్రా?" అంది.

దాన్ని ఇంట్లో చార్జింగు పెట్టనని చిన్నాన్న ముందే చెప్పాడు. ముందు గది నిండా నైలాను వలలు. ఒక్క నిప్పురవ్వ పడితే నాన్న వేట ఏడాది పాటు ఆగిపోతుంది. ఇంజనీరు గారు మట్టి కుండలో ఇసుక పోసి అందులో పెట్టి నింపమన్నారు. మా వాకిట్లో ఇసుకకి కొదవేముంది? కానీ అది సముద్రపు ఇసుక, ఉప్పు, తడి. చిన్నాన్న దాన్ని కుళాయి నీళ్ళతో కడిగాడు. ఒకసారి కాదు, నాలుకకి తగిలించుకుని చూసి, ఉప్పు లేదనుకునేదాకా. తర్వాత నాన్నమ్మ దాన్ని వేరుశనగలు వేయించే మూకుట్లో పోసి, గరిటెతో తిప్పుతూ, పొడిపొడిగా వేయించి ఇచ్చింది. పక్కింటావిడ తొంగి చూసి, "ఏటి సేత్తన్నావప్పా, ఇసక ఏపుతన్నావు? కూరల్లేవేటి?" అంది.

"మావోడి బాటరీకి పరుపు ఏత్తన్నాను" అంది నాన్నమ్మ, గరిటె ఆపకుండా.

ఆ కుండని పెరట్లో, ఇంటికి దూరంగా, రాయి మీద పెట్టి చార్జింగు పెట్టేవాడు. నిండేదాకా పక్కనే ముక్కాలి పీట మీద కూర్చునేవాడు. టీ తాగడానికి కూడా లేచేవాడు కాదు. నేను గ్లాసు తెచ్చిచ్చి, నా పుస్తకం తీసుకుని కాస్త దూరంలో కూర్చునేదాన్ని. చదివేది తక్కువ, తనని చూసేది ఎక్కువ. ఇష్టమైన వస్తువు దగ్గర అంత జాగ్రత్తగా, అంత నిదానంగా కూర్చోగలిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

మొదటిసారి పరిగెత్తించినప్పుడు మేం అదిరిపోయాం. ట్యాంకు పేటలో సందు పొడుగునా ఆటోలా దూసుకుపోయి, ఒక కోడిని తరిమి, డ్రమ్ముకి గుద్దుకుంది. పిల్లలు ఈలలేశారు. చిన్నాన్న మొహం మాత్రం విప్పారలేదు.

"ట్యాంకు నడవాలమ్మీ, పరిగెట్టకూడదు" అన్నాడు.

పాత బ్యాటరీ కన్నా దీని బలం ఎక్కువ, బరువు తక్కువ. ఇసుక గుట్ట మీద పెడితే పట్టాలు గిర్రున తిరిగి, ట్యాంకు ఉన్నచోటే గొయ్యి తవ్వుకుంది. నేలని కరవడానికి దానికి బరువు చాలడం లేదు. నాన్నమ్మ అది చూసి లోపలికి వెళ్ళి, పాడైపోయిన వల ఒకటి లాక్కొచ్చింది. వల నీళ్ళలో దిగడానికి అంచుకి వరసగా కట్టే సీసం గుళ్ళు కోసి, కొంగులో పోసుకుని తెచ్చి, ట్యాంకు పక్కన గుమ్మరించింది.

"వలకైనా దీనికైనా ఒకటే కదేట్రా. కింద బరువుండాల" అంది.

పాత బ్యాటరీ కూర్చున్న చోట ఆ గుళ్ళు పేర్చి, జిగురు పోసి బిగించాడు. పట్టాలు నేలని పట్టుకున్నాయి. పరుగు మాత్రం తగ్గలేదు. రేడియో పుల్లని వేలితో తాకీ తాకనట్టు నొక్కడం అలవాటు చేసుకుంటానన్నాడు. నాన్నమ్మకి మాత్రం ఆ రోజు నుంచి ట్యాంకు సగం తనది అయిపోయింది. వేటకెళ్ళొచ్చిన నాన్నతో కూడా "నా గుళ్ళే దాన్ని ఆపినాయి" అని చెప్పుకుంది.

ప్రదర్శన ముందు రోజు మధ్యాహ్నం చిన్నాన్న సందులో ఆఖరిసారి ట్యాంకుని తిప్పి చూసుకుని, రోజూలా బ్యాటరీ తను తీసి దాచకుండానే బల్ల మీద పెట్టి, స్నేహితుడి స్కూటరెక్కి ఉక్కు నగరం వెళ్ళాడు. అక్కడ వంతెనకి చెక్కలు కొట్టే పని ఉంది. నేను కాలేజీలో ఉన్నాను.

సాయంత్రం నేను సందు మలుపు తిరిగేసరికి కరెంటు లేదు. మా గుమ్మంలో మాత్రం వెలుగు కనిపించింది. అది రోజూ ఉండే చామంతి రంగు కాదు, తెల్లటి వెలుగు. నాన్నమ్మ ఒళ్ళో వల, ముఖం నిండా సంబరం.

"రామ్మీ, సూడు! కొత్త బాటరీ ఎలుగు సూడు. మజ్జేనం నుంచీ ఎలుగుతానే ఉన్నాది, ఒక్క పిసరు తగ్గనేదు. సూదిలో దారం నా కళ్ళతో నానే ఎక్కించుకున్నాను!"

పేజీలో చదివిన వాక్యం కళ్ళ ముందుకొచ్చింది. ఈ రకం బ్యాటరీ ఆఖరిదాకా ఒకేలా వెలుగునిచ్చి, ఉన్నట్టుండి పడిపోతుంది. పడిపోతే మళ్ళీ లేవదు. చెప్పాలి. ఎలా చెప్పాలో వెతుక్కుంటూ నిలబడ్డ ఆ క్షణంలోనే బల్బు ఒక్కసారిగా ఎర్రబడింది. నేను పరిగెత్తి వైరు లాగేశాను.

"అదేటి! పూర్తిగా ఆరనీ" అంది చీకట్లోంచి నాన్నమ్మ.

"ఇది ఆరకూడదు నాన్నమ్మా. ఇది పాతదాన్లాంటిది కాదు. కాళీ అయితే పాడైపోద్ది."

నేను కొవ్వొత్తి వెలిగించేసరికి వల ఆవిడ ఒళ్ళోనే ఉంది, చేతులు మాత్రం కదలడం లేదు. ఏళ్ళుగా చేస్తున్న పనే చేసింది. ఇంట్లో అందరం ఆ చేతులకి అలవాటు పడిపోయాం. కొత్త బ్యాటరీకి పాత మర్యాద చెయ్యకూడదని ఆవిడకి చెప్పాలన్న సంగతి మాలో ఎవరికీ తోచలేదు.

కాసేపటికి చిన్నాన్న, స్నేహితుడు వచ్చారు. నేను చెప్పేలోపే నాన్నమ్మ చెప్పేసింది. "ఒరే నాయనా, నాను సెడగొట్టీసినాన్రా. బల్బుకి ఎట్టీసినాను."

చిన్నాన్న గోడకి వేలాడుతున్న బల్బు వైపు చూశాడు. బల్ల మీద బ్యాటరీ వైపు చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, వచ్చి ఆవిడ పక్కన గడప మీద కూర్చున్నాడు. అప్పుడు తన నోటి నుంచి వచ్చిన మొదటి మాట నేను ఎన్నో ఏళ్ళుగా మోసుకు తిరుగుతున్నాను.

"ఎలుగు బాగుందేటమ్మా?"

నాన్నమ్మ మొహం ఎత్తి చూసింది. "పట్టపగల్లాగున్నాది నాయనా" అంది. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరింకేటి. దాని పని అది సేసింది" అని లేచి మీటరు తెచ్చుకున్నాడు.

మూడు అరల్నీ విడివిడిగా కొలిచాడు. కొవ్వొత్తి నేను పట్టుకోబోతే దూరంగా పెట్టమన్నాడు. రెండు అరలు చచ్చిపోయే అంచు దాకా వచ్చి ఆగాయి. మూడోది బాగా కిందికి పోయింది. వేలితో తడిమితే ఒక పక్క మెత్తగా ఉబ్బి ఉంది.

స్నేహితుడు ఊరుకోలేకపోయాడు. "బావా, ఒకపాలి సార్జింగు ఎట్టీసి సూడరాదేటి? రేపు ఒక్కరోజు పనిసేస్తే సాలు కదా. ఏటైపోద్ది?"

"ఏటీ అవ్వకపోతే ట్యాంకు మిట్టెక్కుద్ది. ఏటైనా అయితే మా అన్నయ్య వలలేటవుతాయి?"

"పెరట్లో ఎడతావు కదేటి!"

"రేపు దాన్ని ట్యాంకులో ఎట్టి జనం మజ్జిన తిప్పాల కదా బావా. పిల్లలుంటారు." మెల్లగానే అన్నాడు గానీ, ఆ మాట తర్వాత ఇంకో మాటకి చోటు లేదు. మూడేళ్ళుగా ఎదురుచూసిన రోజు అది. ఆశ ఎంత పెద్దదైనా ఆ ఉబ్బిన అరని మళ్ళీ ముట్టుకోకూడదన్న మాట తన దగ్గర మారలేదు.

ఇంజనీరు గారికి పక్క వీధి బూత్ నుంచి ఫోను చేసి వచ్చాడు. మర్నాడు తెల్లవారాక, పెరట్లో, చుట్టూ ఎవర్నీ రానివ్వకుండా ఆ మూడో అరని వేరు చేశాడు. రెండు చేతులకీ తొడుగులు. ఒక తీగ కోసి, దానికి టేపు చుట్టి, అప్పుడు రెండో తీగ ముట్టుకునేవాడు. రెండు తీగలూ ఒకేసారి పనిముట్టుకి తగలకూడదు. పోర్టులో అంత పెద్ద బ్యాటరీల దగ్గర నేర్చుకున్న క్రమం సబ్బుబిళ్ళంత దాని దగ్గర కూడా తప్పలేదు. చచ్చిన అరని ఉప్పునీళ్ళలో ఉంచాలని ఇంజనీరు గారు చెప్పారు. నాన్నమ్మ బకెట్టు తీసుకుని తనే సముద్రానికి వెళ్ళింది. అలల్లోకి దిగి, మోకాళ్ళ దాకా తడిసి, నిండు బకెట్టు మోసుకొచ్చింది. నేను అందుకోబోతే ఇవ్వలేదు.

మిగిలిన రెండు అరలూ కుండలో, ఇసుక పరుపు మీద, మెల్లగా నిండాయి. ఇప్పుడు బ్యాటరీ ఇంకా తేలిక అయిపోయింది. నాన్నమ్మ పెరట్లోకి వచ్చి నిలబడింది.

"ఎంత బరువు తగ్గింది?"

చిన్నాన్న కోసేసిన అరంత బరువుండే రేకుముక్క, తీగముక్క కలిపి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ రెండో చేతిలో సీసం గుళ్ళు ఒక్కొక్కటే వేసుకుంటూ, రెండు చేతులూ తక్కెడలా ఆడించి, సరిపోయాక ఆపింది. వాటిని తనే, తన వేళ్ళతో, ఖాళీ అయిన చోట పేర్చింది.

సందులో ట్యాంకుని నేల మీద పెట్టి చిన్నాన్న పుల్ల నొక్కాడు. అది పరిగెత్తలేదు. నడిచింది. మూడు అరలు రెండయ్యేసరికి బలం పాత బ్యాటరీ అంతకి దిగింది. ఆ బలం వదలకుండా నిలబడుతుందా లేదా అన్నది మిట్ట చెప్పాలి. కోడి తనంతట తనే పక్కకి తప్పుకుంది. చిన్నాన్న నా వైపు చూసి నవ్వాడు. రాత్రంతా నిద్రపోని కళ్ళు.

నాన్నమ్మ మైదానానికి రానంది. "నా సెయ్యి పడ్డాది దాని మీద. నాను రాను."

"నీ గుళ్ళున్నాయి దాన్లో. ఎవరు లెక్క సెప్తారు, ఊడిపోతే?" అన్నాడు చిన్నాన్న. ఆవిడ చీర మార్చుకుంది.

గాజువాక మీదుగా బస్సులో వెళ్ళాం. మైదానంలో జనం బాగా ఉన్నారు. ఇంజనీరు గారు నన్ను చూసి, "ఇంగ్లీషు పేజీలన్నీ చదివిపెట్టింది ఈ అమ్మాయేనా?" అన్నారు. నేను తలూపి నాన్నమ్మ వెనక్కి జరిగాను. చిన్నాన్న వంతు వచ్చింది. ఇసుక గుట్టలు దాటింది. వంతెన మీద సైకిల్ చైన్లు టకటకమన్నాయి. దాటింది. నాన్నమ్మ అలవాటుగా లేచి, చీర దులుపుకుంది. బస్టాపు వైపు తిరిగింది. అడుగు వెయ్యలేదు.

ట్యాంకు మిట్ట ఎక్కడం మొదలుపెట్టింది. సగం దాకా వచ్చింది. అక్కడ, సరిగ్గా ఏటా ఆగే చోట, ఆగింది.

"పల్లకీ! పల్లకీ!" అంటూ స్నేహితుడు చేతులు చాపుకుని బయల్దేరాడు. జనం నవ్వారు. చిన్నాన్న ఎడమ చెయ్యి ఎత్తి ఆయన్ని ఆపాడు. అప్పుడు నాకు అర్థమైంది. మోటార్లు మూలగలేదు, ఈలెయ్యలేదు. అది ఆగిపోలేదు, తనే ఆపాడు. ముందర ఒక మట్టిగడ్డ అడ్డం ఉంది. పట్టాని కాస్త పక్కకి తిప్పి, ఊపిరి పీల్చుకోనిచ్చినట్టు ఒక్క క్షణం ఉంచి, మళ్ళీ పుల్ల నొక్కాడు. ట్యాంకు కదిలింది. అంతే నిదానం, అదే గొంతు. గడ్డని పట్టా కిందికి తొక్కుకుంది. ముక్కు ఆకాశం వైపు లేచింది, ఒక క్షణం అలాగే వేలాడింది, తర్వాత అవతలికి ఒరిగి, మా కళ్ళకి కనబడకుండా దిగిపోయింది.

చప్పట్లు వినిపించాయి. అందరికన్నా గట్టిగా అరిచింది స్నేహితుడే. "ఓలమ్మో! మా బావ పెళ్ళికూతురు నడిసెల్లిపోనాది!"

నాన్నమ్మ మిట్ట అవతలి వైపుకి నడిచి వెళ్ళింది. ట్యాంకు అక్కడ ఎండలో, దుమ్ము కొట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ వంగి దాన్ని చూసింది గానీ ముట్టుకోలేదు. చిన్నాన్న వచ్చి ఎత్తుకోబోతే, "ఉండ్రా. కాసేపు అక్కడే ఉండనీ. జనం సూడనీ" అంది.

ఇంటికొచ్చాక డైరీ తెరిచాను. చాలా రాయాలనుకున్నాను. చిన్నాన్న గడప మీద కూర్చుని అడిగిన ఆ ఒక్క మాటే రాసి మూసేశాను.

ఆ వారంలోనే చిన్నాన్న బల్బు వైర్లకి పాత నికెల్ బ్యాటరీని శాశ్వతంగా బిగించేశాడు. మిట్ట ఎక్కలేకపోయిన ఆ బరువు బ్యాటరీ ఇక మీదట నాన్నమ్మ దీపానిది. దాన్ని నింపే పనీ, ఖాళీ చేసే పనీ రెండూ ఆవిడవే. కొత్తదాన్ని తను తప్ప ఎవరూ ముట్టుకోకుండా కుండలో పెట్టి, కుండ మీద మూత పెట్టాడు. సాయంత్రం కరెంటు పోగానే గుమ్మంలో మళ్ళీ చామంతి రంగు వెలిగేది. నాన్నమ్మ సూది కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, తిట్టుకుంటూ, దారం ఎక్కించుకునేది.

"ఆ ఎలుగు ఈ ఎలుగు కాదు" అనేది ఎప్పుడైనా, ఎవరితోనూ కాకుండా.

కొన్నాళ్ళకి చిన్నాన్న, స్కూటరు బల్బుకి పాత బ్యాటరీ బలం చాలదని దాన్ని తీసి, ఆ బలానికి సరిపోయే చిన్న బల్బు ఒకటి కొట్లన్నీ తిరిగి వెతికి తెచ్చి తగిలించాడు. ఆ సాయంత్రం గడప దగ్గర వెలుగు తెల్లగా పడింది. నాన్నమ్మ మొదటి ప్రయత్నంలోనే దారం ఎక్కించి, సూది పైకెత్తి మాకు చూపించింది.